ఇరుకు తలుపుల బళ్ళలో పసిపిల్లల సీటు: కోనసీమ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు: బళ్ళు, సీట్లు, కొలతలు

తలుపు బార్లా తెరుచుకోని బళ్ళలో పసిపిల్లల సీటుని వెనక్కి తిరిగి ఉండేలా బిగించడం ఈ ప్రాజెక్టు పని. సీటు బిగుసుకుంటే పని అయిపోయినట్టు కాదు. రోజూ పిల్లని అందులో పడుకోబెట్టి పట్టీలు పెట్టడం, మళ్ళీ దించడం నడుం పట్టేయకుండా సాగాలి. లేకపోతే నెల తిరిగేసరికి ఆ సీటు అటక మీదే ఉంటుంది.

బళ్ళు నాలుగు. 2017 ఈకో, ఐదు సీట్లది, రెండు పక్కలా జారే తలుపులు. 2021 థార్, మూడు తలుపులది, హార్డ్ టాప్, వెనక ముందుకి చూసే రెండు సీట్లు. ఐదు తలుపుల జిమ్నీ. పాత బొలెరో ఒకటి, చివర్న ఎదురెదురుగా పక్కకి తిరిగిన బల్ల సీట్లున్నది. నాలుగూ అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం మధ్య తిరిగే బళ్ళే. పిల్లలు ఇద్దరు: ఐదు నెలల పాప, 6.8 కిలోలు; పద్నాలుగు నెలల బాబు, 10.2 కిలోలు, 77 సెం.మీ.

సీట్లు మూడు తెచ్చాం. మొదటిది చేతిపిడి ఉన్న బుట్ట సీటు. ఖాళీగా 4 కిలోలు, 13 కిలోల పిల్లల వరకు, కారు బెల్టుతోనే బిగించేది, ఆర్44 (పిల్లల సీట్ల పాత ఐక్యరాజ్యసమితి భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నది. రెండోది ఐసోఫిక్స్ బేసు మీద క్లిక్కుమని కూర్చునే బుట్ట. ఐసోఫిక్స్ అంటే బెల్టు లేకుండా, కారు సీటు సందులో కంపెనీ పెట్టిన రెండు ఇనుప కడ్డీలకి కొక్కేలతో పట్టించే పద్ధతి. మూడోది గుండ్రంగా తిరిగే ఐసోఫిక్స్ సీటు, కింద సపోర్ట్ లెగ్ (కారు నేల మీద ఆనే కాలు) ఉన్నది, 14 కిలోలు, కొత్త ప్రమాణమైన ఆర్129 ముద్రది. ఆర్129 ప్రకారం పదిహేను నెలలు నిండేదాకా పిల్ల వెనక్కే తిరిగి ఉండాలి, కాబట్టి బాబు విషయంలో బేరాల్లేవు.

వెనక్కి ఎందుకు తిప్పాలన్నది ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఈ వయసులో తల పొడుగు ఒంటి పొడుగులో దాదాపు నాలుగో వంతు. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందుకి తిరిగి కూర్చున్న పిల్లని గుద్దుకున్నప్పుడు పట్టీలు భుజాల దగ్గర ఆపేస్తాయి, తల మాత్రం ముందుకే పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు డొప్పలోకి ఒరుగుతాయి. డొప్ప ఆ బరువుని పరిచినట్టు పంచుకుంటుంది.

“ఒళ్ళో గట్టిగా పట్టుకుంటాం కదండీ, మళ్ళీ సీటెందుకండీ?” అన్నది రెండో ప్రశ్న. అమ్మమ్మలూ నాయనమ్మలూ ప్రేమతోనే అడుగుతారు, అందుకే లెక్క వేసి చూపించాలి. గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఆ వేగం అరమీటరు దూరంలో ఆగిపోతే 8 కిలోల పిల్ల చేతుల్లోంచి 155 కిలోల పైచిలుకు బరువంత లాగుడుతో జారిపోతుంది. రెండు పెద్ద బియ్యం బస్తాల్ని ఒక్కసారిగా మోచేతుల మీద ఆపినట్టు. అది ఎవరి వల్లా కాదు. చట్టం కూడా ఇదే చెబుతోంది: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ కింద పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

పనిముట్లు: టేపు, టార్చి, ఫోనులో వాలు కొలిచే యాప్, సుద్దముక్క, పేపర్ టేపు, రెండు పాత తువ్వాళ్ళు, పిల్ల బదులు పెట్టడానికి ఐదు కిలోల బియ్యం సంచులు రెండు. బండి పుస్తకం, సీటు పుస్తకం రెండూ ఎదురుగా ఉండాలి. రెండింట్లో ఏ ఒక్కటి వద్దన్నా ఆ చోటు వదిలేయాల్సిందే.

ప్రతి బండిలోనూ ఒకే పరీక్ష. బెల్టు సీటులోంచి దూరే చోటే చేత్తో పట్టుకుని, ఒక చేత్తోనే, అటూ ఇటూ ఊపి చూడాలి. కదలిక 2.5 సెం.మీ. దాటకూడదు. సీటు పైఅంచు పట్టుకుని ఊపితే ఏ సీటైనా ఊగుతుంది. వెనక్కి తిరిగిన సీటు పైభాగం కదలడం తప్పు కాదు. చాలామంది అక్కడ పట్టుకుని ఊపి, కంగారుపడి, సీటు మంచిది కాదని వెనక్కి పంపేస్తారు.

రెండో రోజు: ఈకో, ఎడమ పక్క

జారే తలుపు ఈ ప్రాంతానికి నిజంగా సుఖం. సందుల్లో ప్రహరీగోడకి జానెడు దూరంలో ఆపినా తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. పైగా గుమ్మం నలుచదరంగా ఉంటుంది, కాబట్టి బుట్ట సీటు నేరుగా లోపలికి వెళ్తుంది. ఇక్కడ ఇబ్బంది తలుపుతో కాదు, బెల్టుతో.

ఈ బండిలో ఐసోఫిక్స్ కడ్డీలు లేవు. వెనక వరుసలో రెండు కిటికీల పక్కనా భుజం మీదుగా వచ్చే బెల్టులు, మధ్యలో నడుం బెల్టు మాత్రమే. బుట్ట సీటు పుస్తకం భుజం బెల్టు తప్పనిసరి అంటోంది, అందుచేత మధ్య సీటు లెక్కలోకి రాదు. మిగిలినవి కుడి, ఎడమ. మనం రోడ్డుకి ఎడమ వారనే ఆపుతాం కాబట్టి, బస్సులూ లారీలూ పోయే వైపు నిలబడకుండా పిల్లని ఎత్తుకోవాలంటే ఎడమ పక్కే మేలు.

బిగించే దారి ఇది. బెల్టు నడుం భాగం బుట్ట అంచుల మీదున్న రెండు నీలి రంగు కొక్కేల కిందుగా పోవాలి. భుజం భాగం డొప్ప వెనకగా చుట్టి, అక్కడున్న నీలి కొక్కెంలో పడాలి. నీలం రంగు వెనక్కి తిరిగే వాడకానికి గుర్తు, ఎరుపు ముందుకి తిరిగే వాడకానికి. రెండు రంగులూ ఉన్న సీట్లలో ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ.

మొదటి ప్రయత్నంలో బకిల్ తొమ్మిది సెం.మీ. అందలేదు. వెనక్కి తిరిగిన బుట్ట బెల్టుని చాలా తినేస్తుంది, డొప్పని మొత్తం చుట్టాలి కదా. బెల్టు పొడుగు చేసే అదనపు ముక్కలు బజార్లో దొరుకుతాయి, వాటి జోలికి పోకూడదు. ముందు బెల్టుని చివరిదాకా లాగి చూశాం. అది పూర్తిగా రావట్లేదు. ఈ బండిలో వెనక సీటు మడిచి రొయ్యల ట్రేలు వేసేవారు. మట్టీ, ఎండిన ఉప్పునీటి పొడీ బెల్టు చుట్టుకునే గూట్లోకి పోయాయి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, మెత్తని బట్టతో అంగుళం అంగుళం తుడిచి, బయటికి లాగి క్లిప్పు పెట్టి నీడన ఆరబెట్టాం. నూనె వేయలేదు, వేయకూడదు, జిగురుకి మట్టి ఇంకా పడుతుంది. బ్లీచింగ్ కూడా దారాన్ని తినేస్తుంది. ఆరాక ఆరు సెం.మీ. కలిసొచ్చింది.

మిగతా మూడు సెం.మీ. దొరికింది సీటు కవర్ల దగ్గర. బయట కుట్టించిన రెగ్జిన్ కవర్, దాని కింద వేలెడు మందం స్పాంజి. అది తీసేస్తే బుట్ట కిందికి దిగింది, బెల్టు నాలుగు వేళ్ళు మిగిలింది. స్పాంజి తీయడం వల్ల ఇంకో లాభం. మెత్తటి పొర మీద బిగించిన సీటు బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, వారానికి స్పాంజి అణిగి వదులవుతుంది.

ఈ బెల్టులు కుదుపుకే పట్టేస్తాయి, మామూలప్పుడు వదులుగా జారతాయి. కాబట్టి బుట్టని బిగువుగా ఉంచేది డొప్ప వెనకున్న పట్టే క్లిప్పు. దాన్ని నొక్కిన చప్పుడు వినపడాలి. అరచేత్తో బుట్టని కారు సీటులోకి అదిమి, ముందు నడుం భాగం బిగించి, ఆ తర్వాతే భుజం భాగం లాగాలి. వరస మారితే భుజం భాగమే బిగుసుకుని నడుం భాగం వదులుగా మిగిలిపోతుంది, ఊపి చూస్తే తెలుస్తుంది.

కుడి పక్క కూడా వేసి చూశాం, ఎందుకు పనికిరాదో రాసి పెట్టడానికి. అక్కడి బకిల్ గట్టి కాడ మీద ఎత్తుగా నిలబడింది. బెల్టు బిగించేసరికి బకిల్ పెట్టె బుట్ట కొక్కెం అంచుమీద ఎక్కి వంగింది. గుద్దుకున్నప్పుడు ఆ అంచే గూటంలా పనిచేసి బకిల్‌ని పగలగొట్టొచ్చు, తెరిచేయొచ్చు. కొక్కెం మీద ఉండాల్సింది బెల్టు పట్టీ మాత్రమే, బకిల్ కాదు. ఎడమ బకిల్ మెత్తటి పట్టీ మీద కిందికే ఉంది, దాని ఇబ్బంది లేదు.

మూడో రోజు: ఈకో తలుపు పెట్టిన తిప్పలు

టార్చి వేసి చూస్తే ఎడమ బెల్టు కింది భాగం అంచున నాలుగు మిల్లీమీటర్ల కోత. జారే తలుపు గాడిలో పడి నలిగిన గుర్తు. వదులుగా వేలాడే బెల్టు తలుపు మూసేటప్పుడు గాడిలోకి జారుతుంది, తలుపు దాన్ని కత్తిరించుకుంటూ పోతుంది. కోత పడ్డ బెల్టుని కుట్టించకూడదు. మొత్తం సెట్టు మార్చాం.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. సీటు బెల్టు బోల్టులకి సాధారణంగా ఉండేది 7/16 అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లుండే యుఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత సన్న) మర. అది చూడ్డానికి పన్నెండు మిల్లీమీటర్ల బోల్టులాగే ఉంటుంది. పాతది తుప్పుపట్టి విరిగితే చేతికందిన 12 మి.మీ. బోల్టుని స్పానరుతో బలవంతంగా తిప్పి ఎక్కించేస్తారు. ఎక్కుతుంది కూడా, కానీ లోపలి మరలు చెడిపోతాయి. బెల్టు బోల్టు పట్టిన చోటు తట్టుకోవాల్సిన లాగుడు పరీక్షలో 13,500 న్యూటన్లు, అంటే సుమారు 1,375 కిలోల బరువు వేలాడదీసినంత. చెడిన మరకి ఆ నమ్మకం లేదు. చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా తిరిగిన బోల్టే సరైనది. ఆ తర్వాతే బండి పుస్తకంలో చెప్పిన బిగువుకి టార్క్ రెంచి వాడాలి.

బోల్టు చుట్టూ రేకు కూడా గీకి చూశాం. రొయ్యల ట్రేల ఉప్పునీరు కారే బళ్ళలో నేల రేకు పైకి రంగుతో బాగానే కనిపిస్తుంది, మ్యాటు ఎత్తితే బిస్కట్టులా విరుగుతుంది. ఈ బండిలో పైతుప్పే. గుచ్చితే స్క్రూడ్రైవర్ దిగినట్టయితే పని అక్కడితో ఆపేసేవాళ్ళం.

ఇంకోటి కాలవ గట్ల మీద తెలిసింది. గట్టు దిగే ఏటవాలులో బండి ముక్కు కిందికి పెట్టి ఆపితే, తెరిచిన తలుపు చివరి కొక్కెంలో పడకపోతే దానంతటదే ముందుకి జారి వస్తుంది. పిల్లని రెండు చేతులా పట్టుకుని వంగిన మనిషి మోచేతికి తగులుతుంది. తలుపు టక్కుమని చివర పడ్డాక ఒకసారి ముందుకి లాగి చూడడం అలవాటు చేయాలి. కొక్కెం అరిగిపోయుంటే మార్చాలి. రబ్బరు బిరడా పెట్టడం తాత్కాలికమే.

బుట్టకి సరైన వాలు పుట్టిన పిల్లలకి 45 డిగ్రీల దగ్గర. నిటారుగా ఉంటే తల ఛాతీ మీదికి వాలి ఊపిరికి అడ్డం పడుతుంది. కారు కూర్చునే దిండు వెనక్కి ఏటవాలుగా ఉంటే వెనక్కి తిరిగిన బుట్ట నిటారు అవుతుంది, ఎందుకంటే పిల్ల కాళ్ళున్న వైపు గుంటలోకి దిగుతుంది. ఈకో దిండు దాదాపు బల్లపరుపు, గీత సరిగ్గానే పడింది. పడకపోతే, సీటు పుస్తకం ఒప్పుకున్నప్పుడు మాత్రమే, తువ్వాలు గట్టిగా చుట్టి కూర్చునే దిండుకీ వీపు దిండుకీ మధ్య గుంటలో పెట్టాలి. బుట్ట తల వైపు కింద కాదు. సమతలంలో నిలబెట్టి చూడాలి, గట్టు మీద కొలిస్తే గీత అబద్ధం చెబుతుంది.

బుట్టని రోజూ విప్పి ఇంట్లోకి తీసుకెళ్ళాలా, బండిలోనే వదలాలా? ఈకోలో వదిలేయడమే మా నిర్ణయం. విప్పి బిగించిన ప్రతిసారీ బెల్టు తప్పు దారిలో పోయే అవకాశం ఇంకోటి. బుట్ట 4 కిలోలు, పాప దాదాపు 7 కిలోలు, మొత్తం 11 కిలోలు ఆ గుమ్మం ఎత్తుకి లేపడం బాలింతకి మంచిది కాదు కూడా.

“రెండు ఆరు మిల్లీమీటర్ల కడ్డీలు వెల్డింగ్ చేసేస్తే ఐసోఫిక్స్ అయిపోతుంది కదండీ” అని వర్క్‌షాపుల్లో అంటారు. కడ్డీ 6 మి.మీ. మందం, రెండింటి నడుమ 280 మి.మీ. దూరం, ఇవి నిజమే. అయితే కారు కంపెనీ పరీక్షలో ఆ కడ్డీల జత ముందుకి 8 కిలోన్యూటన్లు, అంటే 800 కిలోల పైగా లాగుడు తట్టుకోవాలి. అది కడ్డీ బలం కాదు, దాని వెనకున్న రేకూ, చట్రమూ కలిసి మోసే బలం. నేల రేకుకి వేసిన వెల్డింగ్ రేకుతో సహా ఊడొస్తుంది. మేం చేయలేదు, ఎవరూ చేయొద్దు.

ఐదో రోజు: థార్‌లోకి సీటు ఎక్కించడం

ఇది అసలు చిక్కు. వెనక్కి పోవడానికి ముందు ఎడమ సీటుని ముందుకి వంచి జరపాలి, అదొక్కటే దారి. ఆ సందు ఇరుకైన చోట 38 సెం.మీ. తిరిగే సీటు వెడల్పు 44. నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా మూడు రకాలుగా ప్రయత్నించాం. లోపలి ప్లాస్టిక్కు గీసుకుపోవడం తప్ప ఫలితం లేదు.

దారి వెనక ఉంది. స్టెప్నీ టైరున్న వెనక తలుపు తీసి, అద్దం పైకెత్తి, వెనక ఎడమ సీటు వీపు మడిచి, బేబీ సీటుని డిక్కీలోంచి దాని మీదుగా ముందుకి జరపాలి. లోపల ఒకరు కుడి సీట్లో కూర్చుని అందుకోవాలి. సీటు లోపలికి చేరాక వీపు లేపి, తాళం పడిందని ఎర్ర గుర్తు మాయమయ్యేదాకా వెనక్కి నెట్టి చూడాలి. మూడు తలుపుల బళ్ళలో సీటు కొనేముందు తలుపు కొలతతో పాటు వెనక తలుపు కొలత కూడా తీసుకోండి.

ఎడమా, కుడా? కుడి వైపు పెడితే డ్రైవర్ సీటు వెనక నుంచి పిల్లని అందుకోవాలి. మనిషి లోపలికి దూరి, సగం వంగి, పిల్ల బరువంతా చాచిన చేతుల మీద పడుతుంది. బియ్యం సంచులతో పదిసార్లు చేశాం, ఐదోసారికే నడుం చెప్పేసింది. ఎడమ అయితే వంచిన ముందు సీటు స్థలంలో నేల మీద నిలబడే పని జరుగుతుంది. ఎడమే ఖాయం.

కడ్డీలు పట్టించడం కవర్ల వల్ల ఆలస్యమైంది. సీటు కవరు కుట్టినవాళ్ళు ఐసోఫిక్స్ గుర్తు మీదుగా బట్ట లాగేశారు. బేసు కొక్కేలు బట్టతో సహా కడ్డీని కరిచి, ఆకుపచ్చ గుర్తు చూపించాయి, గట్టిగా లాగితే ఎడమది ఊడింది. ఆకుపచ్చ కనపడితే చాలదు. ఒక్కో పక్కా విడివిడిగా లాగాలి. బ్లేడుతో కుట్టు విప్పి కడ్డీలు బయటికి తెచ్చాక క్లిక్కు స్పష్టంగా రెండుసార్లు వినపడింది.

సపోర్ట్ లెగ్ పాదం నేల మీద పూర్తిగా ఆనాలి. ఇక్కడ రెండు అడ్డంకులు: వానాకాలం అని పరిచిన మందపాటి రబ్బరు మ్యాటు, ముందు సీటు పట్టాలు. మ్యాటు తీసేశాం, మెత్తటిదాని మీద కాలు బరువు పడితే దిగబడుతుంది. పాదం పట్టా మీద పడకుండా రెండు పట్టాల నడుమ వేలున్నర ఖాళీతో కూర్చుంది. కాలు మరీ పొడుగు చేస్తే బేసు ముందంచు కారు సీటు మీంచి లేస్తుంది. పాదం తాకాక ఒక్క గుంట పొడుగు చేసి ఆపాలి, గుర్తు ఆకుపచ్చకి తిరగాలి.

ఆరో రోజు: థార్, పిల్లని ఎక్కించే వరస

గుండ్రంగా తిరిగే సీటుని కొనేది పక్క తలుపు వైపు తిప్పుకోవడానికి. మూడు తలుపుల బండిలో పక్కన ఉన్నది తలుపు కాదు, అద్దం. అలా 90 డిగ్రీలు తిప్పితే పిల్ల కాళ్ళు అద్దానికి తగులుతాయి, ఉపయోగం సున్నా. కానీ 180 డిగ్రీలు తిప్పితే సీటు ముందుకి, అంటే ముందు తలుపు సందులో నిలబడ్డ మనిషికి ఎదురుగా వస్తుంది. పట్టీలు పెట్టడానికి ఇంతకన్నా సుఖం లేదు. కాబట్టి వరస ఇలా తేలింది: ముందు సీటు వంచి జరపడం, బేబీ సీటు ముందుకి తిప్పడం, పిల్లని కూర్చోబెట్టి పట్టీలు బిగించడం, సీటుని మళ్ళీ వెనక్కి తిప్పి తాళం చప్పుడు వినడం, ఆ తర్వాతే ముందు సీటు వెనక్కి తేవడం.

చివరి రెండూ తారుమారైతే ముప్పు. ముందు సీటు ముందే వచ్చేస్తే డొప్ప తిరగడానికి చోటుండదు, తొందరలో పిల్ల ముందుకే తిరిగి ప్రయాణం చేసేస్తుంది. ముందు సీటు వీపు మీద పేపర్ టేపు అంటించి “తిప్పావా?” అని పెద్ద అక్షరాల్లో రాశాం. సీటు వంచే పిడి పట్టుకున్నప్పుడు కళ్ళకి ఎదురుగా ఉంటుంది.

ఇంకో తేడా చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. వంచి వెనక్కి తెచ్చిన ముందు సీటు ప్రతిసారీ ఒకే చోట ఆగట్లేదు. ఒకసారి డొప్పకి మూడు వేళ్ళ దూరంలో, ఇంకోసారి డొప్పని నొక్కుతూ. నొక్కితే బేసు కోణం మారుతుంది, కాలి మీద పక్కబరువు పడుతుంది. మా సీటు పుస్తకం డొప్పకీ ముందు సీటుకీ మధ్య ఖాళీ అడుగుతోంది. కొన్ని పుస్తకాలు తాకొచ్చంటాయి, మీ పుస్తకం చూసుకోండి. పట్టా పక్కన తెల్ల రంగుతో గీత పెట్టాం. సీటు ఆ గీత దగ్గర తాళం పడేదాకా జరపాలి.

ఆ గీత దగ్గర ముందు కూర్చునేవారి మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి దగ్గరవుతాయి. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంది కనుక ఛాతీకీ డ్యాష్‌బోర్డుకీ కనీసం 25 సెం.మీ. ఉండాలి. ఐదడుగుల ఒక అంగుళం మనిషికి సరిపోయింది, ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి సరిపోలేదు. పొడుగువాళ్ళు వెనక కుడి సీట్లో కూర్చోవాలి. పిల్లని దించేదాకా వాళ్ళూ దిగలేరు, అది ఒప్పుకుని ఎక్కాలి. ఇక పిల్ల సీటునే ముందు పెట్టేద్దామన్న ఆలోచన ఎంతమాత్రం వద్దు. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు వెనక్కి తిరిగిన సీటు పెడితే, బ్యాగు పేలినప్పుడు డొప్పని పిల్ల తల వైపు నుంచే కొడుతుంది.

బేసు మీద క్లిక్కయ్యే బుట్ట కూడా థార్‌లో పరీక్షించాం. 11 కిలోల బుట్టని సందులోంచి చాచి బేసు మీద దించడం, చేతిపిడి పైకప్పు పట్టీకి తగలడం. ఐదు తలుపుల కార్లలో ఈ పద్ధతి ఎంతో మంచిది, మూడు తలుపుల్లో కాదు.

కాలవల దేశంలో ఒక్క గుమ్మం బండి అంటే ఇంకో ఏర్పాటు కూడా కావాలి. బెల్టు కోసే బ్లేడూ అద్దం పగలగొట్టే మొనా ఉన్న పనిముట్టు డ్రైవర్ చేతికి అందేలా బండి లోపలి స్తంభానికి బిగించాం. డిక్కీలో పెడితే లేనట్టే. పిల్ల పట్టీల ఎర్ర బొత్తాన్ని కళ్ళు మూసుకుని విప్పడం ఇంట్లో ముగ్గురూ పదేసిసార్లు సాధన చేశారు. ఆ బొత్తాం కావాలనే బిగువుగా ఉంటుంది, బొటనవేలితో నిటారుగా నొక్కితేనే లొంగుతుంది.

ఎనిమిదో రోజు: జిమ్నీ, బొలెరో

జిమ్నీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వెనక తలుపు చిన్నది, చక్రం వంపు వల్ల కిందిభాగం ఇంకా సన్నబడింది. బేసు ఉన్న సీటుని కాలు మడిచి, పైఅంచు ముందుగా ఏటవాలుగా దూర్చితే పోయింది. ఐసోఫిక్స్ ఉంది, క్లిక్కయింది. తిరిగే సీటు ఇక్కడ తలుపు వైపు తిరిగి నిజంగా పనికొచ్చింది.

బొలెరో చివరి బల్ల సీట్లకి మా సమాధానం ఒక్కటే: కుదరదు. పిల్ల సీట్లన్నీ ముందుకి చూసే కారు సీటు మీద పెట్టి పరీక్షించినవి. పక్కకి తిరిగిన బల్ల మీద పెడితే ముందు దెబ్బ పిల్లకి పక్కదెబ్బ అవుతుంది, డొప్ప ఉండాల్సిన చోట ఉండదు. పాత ఎనిమిది సీట్ల ఓమ్నీలో వెనక్కి తిరిగి ఉండే రెండో వరుసకీ ఇదే మాట. బొలెరోలో మధ్య వరుస ముందుకే చూస్తుంది, తలుపు మామూలు తలుపే. పెద్దవాళ్ళు చివర బల్లల మీదికి పోయి, మధ్య వరుసలో ఎడమ కిటికీ చోటు పిల్లకి ఇవ్వాలి. ఇంట్లో కుదుర్చుకోవాల్సిన సంగతి అంతే. ఆ మధ్య సీటు దిండు రబ్బరు పట్టించిన కొబ్బరి పీచుది, మన సీమ సరుకే, బాగా అణిగిపోయి ఉంది. బుట్ట ఒక పక్కకి ఒరిగింది. దిండు మార్చాక నిలబడింది.

మూడు వారాల తర్వాత

మళ్ళీ నాలుగు బళ్ళూ చూశాం. ఈకో బుట్ట కదలిక ఒక సెం.మీ., బాగుంది. థార్ సపోర్ట్ లెగ్ గుర్తు ఎర్రగా ఉంది. అంతర్వేది తీరం నుంచి వచ్చిన ఇసుక కాలి గుంటల్లో చేరి మేకు పూర్తిగా పడలేదు. పొడి బ్రష్షుతో దులిపితే పడింది. సముద్రం వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇది చేయాలి.

పాప పట్టీల్లో వదులు ఎక్కువగా దొరికింది. పరీక్ష సులువు: భుజం దగ్గర పట్టీని నిలువుగా చిటికెతో పట్టండి. మడత చేతికొస్తే వదులు. వెనక్కి తిరిగిన సీటులో పట్టీ భుజం ఎత్తులో గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి, పైనుంచి కాదు. చలి అని దుప్పటి చుట్టి ఆ పైన పట్టీలు పెట్టారు. అలా కాకుండా పట్టీలు పెట్టాక దుప్పటి పైన కప్పాలి.

ఎండాకాలానికి ముందే బకిల్ మీద తెల్ల గుడ్డ కప్పడం మొదలుపెట్టాలి. మే నెలలో ఎండన నిలిచిన బండిలో ఆ ఇనుప నాలుక పిల్ల తొడ కాలుస్తుంది. ఎక్కించేముందు పెద్దవాళ్ళు చేత్తో తాకి చూడాలి.

2022 జూలై వరదలో మునిగిన బళ్ళు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అలాంటి బండి కొని పిల్ల సీటు పెట్టించాలనుకుంటే ముందు బెల్టులన్నీ పూర్తిగా బయటికి లాగి, చివరి మీటరు మీద ఒండ్రు గీత ఉందేమో చూడండి. ఉంటే ఆ బెల్టు సెట్టు మార్చాకే మిగతా పని.

బాబు తల ఇప్పుడు డొప్ప పైఅంచుకి ఏడు సెం.మీ. కింద ఉంది. మా సీటు పుస్తకం కనీసం 2.5 సెం.మీ. ఉండాలంటోంది. కాళ్ళు మడత పడుతున్నాయని ఇంట్లో బెంగపడ్డారు గానీ మడత పడ్డ కాళ్ళు కొలత కాదు, తల కొలత. ప్రతి నెలా ఒకటో తారీఖున టేపు పెట్టి డొప్ప పక్కన పెన్సిలుతో గీత గీయమన్నాం.